మంగమ్మగారి నవలలో ఒక రాయచోటి మాట

ఆవిడ అసలు పేరు ప్యో మ్యంగ్‌సూన్. కొరియాలో పుస్తకాల అట్టల మీద ఆ పేరే ఉంటుంది. దోహాలో, ఐన్ ఖాలిద్‌లో మేమున్న విల్లాల వరసలో మాత్రం ఆవిడ మంగమ్మ.

నామకరణం చేసింది ఆవిడ కారు నడిపే వెంకటప్ప. రాయచోటి మనిషి. మొదటిరోజు ఆవిడ చెప్పిన పేరుని నోట్లో బఠాణీలా అటూ ఇటూ దొర్లించి, "మంగ్... మంగసూ... మంగమ్మ మేడం! ఓకే మేడం?" అన్నాడట. ఆవిడ ఓకే అంది. తనకొచ్చిన కొత్త పేరుకి అర్థమేమిటో కనుక్కుందామని పక్క విల్లాలో ఉన్న నా దగ్గరకొచ్చింది. మా పరిచయం అలా మొదలైంది.

"మా వైపు అమ్మవారి పేరు. దేవుడి భార్య," అన్నాను ఇంగ్లీషులో, కాస్త గొప్పగానే.

"ఏ దేవుడు?"

"వెంకటేశ్వరుడు. వెంకటప్ప అని కూడా అంటారు."

ఆవిడ గుమ్మంలోంచి బయట కారు తుడుస్తున్న వెంకటప్పని చూసింది. మళ్ళీ నన్ను చూసింది. "ఆ సంగతి అతనికి తెలుసా?"

అతనికి తట్టలేదు. తట్టాక మాత్రం కొన్నాళ్ళ దాకా ఆవిడ మొహం కేసి చూడలేదు పాపం. కారు అద్దంలో కూడా.

మర్నాడు ఆవిడ నా వయసు అడిగింది. మర్యాద తెలియని మనిషి అనుకున్నాను. వాళ్ళకి అదే మర్యాదని తర్వాత తెలిసింది. ఎదుటి మనిషి పెద్దో చిన్నో తేలితే తప్ప ఏమని పిలవాలో, మాట చివర ఏ తోక తగిలించాలో తేలదట. నేను అలవాటు కొద్దీ మూడేళ్ళు తగ్గించి చెప్పాను. ఉన్న వయసు చెప్పి ఉంటే ఇద్దరం ఒకే ఏడాది పుట్టినవాళ్ళం, స్నేహితురాళ్ళం అయ్యేవాళ్ళం. తగ్గించిన పాపానికి ఆవిడ అక్క అయి కూర్చుంది. ‘ఒన్ని’ అని పిలవాలి. అక్క అని దానర్థం. చెల్లెలు టీ పొయ్యాలి. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ నేనే పోశాను.

ఒన్ని భర్త మిస్టర్ ఊ, కొరియా కంపెనీలో వంతెనల ఇంజనీరు. ప్రపంచకప్పు కోసం దోహా ఊరంతా తవ్విపోసిన కాలం అది. నిన్న తిరిగిన రౌండబౌట్ ఇవాళ ఉండేది కాదు. దాని స్థానంలో ఎర్ర సీసాల్లాంటి దిమ్మలు, దారి మళ్ళించే బాణాలు, క్రేన్లు. ఎవరినేది అడిగినా ఒకటే జవాబు: వరల్డ్ కప్ అయ్యాక. సెలవా? వరల్డ్ కప్ అయ్యాక. మా వంటింటి కుళాయి కారుతోందని చెబితే కాంపౌండు మేనేజరు కూడా అదే మాటన్నాడు. ఇంకా అయిదేళ్ళుంది అప్పటికి.

ఆ వరసలో అందరూ ఒన్నిని పనీపాటా లేని ఇంజనీరు భార్య అనుకునేవారు. ఆవిడ అనువాదకురాలు. ఇంగ్లీషు నవలల్ని కొరియా భాషలోకి మార్చేది. ఒకసారి ఒక నవలలో ‘సిస్టర్’ అన్న మాట దగ్గర ఆగిపోయి వంట కూడా మానేసింది. ఆ సిస్టర్ అక్కో చెల్లెలో ఇంగ్లీషులో చెప్పలేదు. కొరియాలో చెప్పకపోతే కుదరదు. చివరికి ఆ రచయితకే మెయిల్ పెట్టింది. "అదంత ముఖ్యమా?" అని జవాబొచ్చింది.

"ముఖ్యం కాదట!" అని ఆవిడ నా వంటింట్లో ఆ చివర్నించి ఈ చివరికి నడిచింది. "అక్కయితే తిట్టినా సరే వండి పెడుతుంది. చెల్లెలయితే ఏడుస్తుంది. మనిషే మారిపోతుంది కదా!"

"మాకూ అంతే ఒన్నీ. అక్క అక్కే, చెల్లెలు చెల్లెలే," అన్నాను. ఆ రోజు నుంచి నన్ను మనిషి కింద లెక్కేసింది.

ఆవిడ రాసే తీరు ఇంకా విడ్డూరం. బల్ల ముందు కూర్చుంటే ఒక్క ముక్క రాదు. కారు వెనక సీట్లో, కాళ్ళు పైకి ముడుచుకుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుంటే వస్తుంది. కారు కదులుతూ ఉండాలి. రోడ్డు ఎంత మెలికలు తిరిగితే అంత మంచిది. ఊళ్ళో అందరూ తిట్టుకునే డైవర్షన్లని దణ్ణం పెట్టుకుని ఆనందించిన మనిషి దోహా మొత్తానికి ఆవిడొక్కతే. ఇంటి ముందుకొచ్చాక కూడా "వెంకటప్పా, ఇంకొక్క రౌండ్" అనేది. అతనికి అర్థమయ్యేది కాదు.

"అక్కా, మేడంకి ఇంట్లో ఏమన్నా కష్టముందా?" అని నన్ను గుట్టుగా అడిగాడు. "ఊరికే తిప్పమంటాది. యాడికీ దిగదు. ఒక్కోసారి ఎనక నుంచి ముక్కు చీదే సప్పుడొస్తాది. సారు మంచోడేనా?"

"సారు మంచోడే. ఆవిడ కథలు రాస్తోంది."

"ఓ, అదా!" అన్నాడు. కథలకి ఏడవడం ఎందుకో అతనికి తెలియలేదు కానీ, ఆ రోజు నుంచి గుంతలు చూసి నడిపాడు.

ఒన్ని రాస్తున్నది అనువాదం కాదు. సొంత నవల. చాలా ఏళ్ళ క్రితం రెండు రాసి మానేసిన మనిషి మళ్ళీ మొదలుపెట్టింది. ఎందుకు మానేసిందో బార్లీ టీ తాగుతూ ఒక సాయంత్రం చెప్పింది.

ఆవిడది కొరియాకి నైరుతి మూలన మొక్‌పో అనే రేవు ఊరు. వాళ్ళ నాన్న వెల్డరు. డెబ్బైల చివర్లో కొరియా మగవాళ్ళు విమానాలు నింపుకుని ఎడారి దేశాలకి కూలికి వచ్చారట. ఆయన సౌదీలో జుబైల్ రేవు కట్టడానికి వచ్చాడు. "మీ పల్లెల్లో గల్ఫ్ అంతా దుబాయే అన్నట్టు మా ఊళ్ళో అంతా ‘చుంగ్‌దొంగ్’, అంటే మధ్యప్రాచ్యం. ఏ దేశమో అమ్మకి కూడా తెలీదు," అంది ఒన్ని. ఆయనకి ఉత్తరం రాయడం రాదు. కాసెట్లో మాట్లాడి ఊరికి వచ్చే వాళ్ళ చేతికిచ్చేవాడు. వాళ్ళమ్మ ఆ కాసెట్‌ని దుప్పటి ముసుగులో చెవికి ఆనించుకుని వినేది. పిల్లని విననిచ్చేది కాదు. ఆ తర్వాత దాని మీదే తన మాటలు రికార్డు చేసి వెనక్కి పంపేది. ఆయన దాని మీదే మళ్ళీ. అలా ఒకరి గొంతు మీద ఒకరి గొంతు పడి, చివరికి ఏదీ మిగల్లేదు. ఆయన ఊరికి తిరిగొచ్చాడు. మాట తక్కువ మనిషి. కొన్నాళ్ళకి పోయాడు.

ఒన్ని రెండో నవల ఆయన గురించే. ఎడారి నుంచి కొత్త మనిషిలా తిరిగొచ్చిన, మాటలు రాని, రాయిలాంటి తండ్రి. పత్రికల్లో మెచ్చుకున్నారు. వాళ్ళమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, పుస్తకం మూసి, "రాత బాగుంది. కానీ ఈ మనిషెవరో నాకు తెలియదు," అందట.

ఆ తర్వాత ఒన్ని తన మాట ఒక్కటి కూడా రాయలేదు. ఇతరుల పుస్తకాలే మార్చింది. వాళ్ళమ్మకి ఇప్పుడు ఎనభై దాటాయి. కళ్ళు ఆనడం లేదు, చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. ఆవిడ ఉండగా నాన్న గురించి మళ్ళీ రాయాలి. ఈసారి అమ్మకి తెలిసిన మనిషిని రాయాలి. ఒన్ని కోరిక అంతే.

"మరి ఆయన మాటలు మీకు తెలీదు కదా, ఎలా రాస్తున్నారు?" అన్నాను టీ పోస్తూ.

ఆవిడ తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. "వెంకటప్ప నేర్పాడు."

"వెంకటప్పా?"

"అతనికి తెలీదు. నువ్వు చెప్పకూడదు. కారులో అతను భార్యతో ఫోన్‌లో మాట్లాడతాడు కదా. చెవిలో తీగ పెట్టుకుంటాడు, ఆవిడ మాట నాకు వినపడదు. ఇతను ఊఁ, ఊఁ అంటాడు. చివర్లో ప్రతిసారీ గొంతు తగ్గించి, సిగ్గుపడుతూ ఒక మాటంటాడు. కొరియా మాట! మా కంపెనీలో ఇన్నేళ్ళు పనిచేశాడు కదా, నేర్చుకున్నాడు. అక్కడ ఇంట్లో అత్తగారు వింటూ ఉంటుందేమో. ఎవరికీ అర్థం కాకుండా పరాయి భాషలో భార్యతో చెప్పుకుంటున్నాడు. అందంగా ఉన్నావు అని. రోజూ!"

"ఏం మాటది?"

"ఇప్పుదా," అంది ఒన్ని, కళ్ళు అర్ధచంద్రాల్లా చేసుకుని. "ఇప్పుడా... అని సాగదీస్తాడు."

టీ నా గొంతులో దిగాల్సిన దారి తప్పి ముక్కులోకి వచ్చింది. ఆవిడ లేచి నా వీపు నిమిరింది. అక్క కదా.

వెంకటప్పకి వచ్చిన కొరియా ఎంతో నాకు తెలుసు. ‘పల్లి పల్లి’ ఒక్కటే. త్వరగా, త్వరగా అని. అది కూడా అతను కథలా చెప్పేవాడు. జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన సురేందర్‌ని ముఐథర్ సైట్లో కొరియా ఫోర్‌మన్ "పల్లి! పల్లి!" అని తరిమితే, ఆ అబ్బాయి పరిగెత్తుకుపోయి క్యాంటీన్ నుంచి వేయించిన పల్లీల పొట్లం తెచ్చి రెండు చేతులా అందించాడట. "సారు నాలుగు గింజలు నోట్లో ఏసుకున్యాడక్కా. ఏసుకోని మళ్ళా అరిసినాడు. మేం చెనిక్కాయలంటాం గాబట్టి నేను బతికిపోతి," అనేవాడు.

ఆ వెంకటప్ప కొరియా భాషలో సరసమాడుతున్నాడని ఆవిడ ఒక నవల రాసింది. అందులో తండ్రి, ఎడారిలో, క్రేన్ నీడలో కూర్చుని కాసెట్లోకి రోజూ ఆ మాటే చెబుతాడు. అందుకే తల్లి దుప్పటి ముసుగులో విన్నది. పిల్లని విననివ్వనిది అందుకే. నవల పేరు కూడా అదే పెట్టిందట. సియోల్‌లో ప్రచురణకర్త ఒప్పుకున్నాడు, అచ్చుకి ముందు దిద్దుబాట్లు జరుగుతున్నాయి.

ఇదంతా చెబుతున్నప్పుడు ఆవిడ మొహం పదేళ్ళ పిల్ల మొహంలా ఉంది. నేను నోరు మూసుకున్నాను. ఇంకో కప్పు పోశాను.

కానీ ఆవిడ అనువాదకురాలు. సగం సంభాషణ తెలిసి ఊరుకునే రకం కాదు. కొన్నాళ్ళకి, మదీనత్ ఖలీఫా వైపు కొరియా సరుకుల కొట్టుకి వెళుతూ నన్నూ కారెక్కించింది. "అతని చెవి తీగ తెగిపోయింది. ఇప్పుడు ఫోన్ ముందు పెట్టి మాట్లాడుతున్నాడు. ఆ మాటకి ముందు భార్య ఏమంటుందో నాకు కావాలి. పుస్తకంలో ఆ చోట ఒక వాక్యం ఖాళీ ఉంచాను," అంది చెవిలో. సరుకులు వంక. నేను దుబాసీని.

ఏం చెప్పి తప్పించుకోవాలో ఆలోచించేలోగా ఫోన్ మోగింది. రాయచోటి నుంచి అతని భార్య శివకుమారి గొంతు కారంతా నిండింది.

"ఏమయ్యా, తిన్యావా?"

"తిన్యా."

"ఏం తిన్యావు?"

"అన్నమే."

"అన్నం కాక గడ్డి తింటారా? కూరేందని అడుగుతాండా."

"పప్పు."

"నీతో మాట్లాడేదానికన్నా బర్రెతో మాట్లాడేది మేలు. అది తోకన్నా ఊపుతాది. ఒక్కసారి ఈడియో పెట్టయ్యా. నీ మొగం సూసి శానా దినాలాయ."

వెంకటప్ప అద్దంలో మమ్మల్ని చూశాడు. టోపీ సర్దుకున్నాడు. గొంతు తగ్గించాడు. "ఇప్పుడా...?"

ఒన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మల్లెప్పుడు? ఎప్పుడడిగినా ఇప్పుడా ఇప్పుడా అంటావు. పంతుల్ని పిలిపించి మూర్తం పెట్టియ్యాల్నా?"

"మేడం ఉండాదిమే. పెట్టేస్తాండా." పెట్టేశాడు.

"చెప్పు," అంది ఒన్ని. "ఆమె ఏమంది?"

నేను అంతవరకూ ఏదీ అనువాదం చేసి ఎరగను. చేస్తే గీస్తే మా ఆయన గురకని మా అత్తగారికి అలసట అని అనువదించాను. పక్కన కూర్చున్నది ఒక్క ‘సిస్టర్’ కోసం వంట మానేసిన మనిషి. ఆవిడకి అబద్ధం అందివ్వడానికి నాకు నోరు రాలేదు.

"మొహం చూపించమంటోంది. వీడియో పెట్టమంటోంది."

"అందుకు అతను అందంగా ఉన్నావంటాడా?"

"ఒన్నీ... అది మీ మాట కాదు. మా మాట. ‘ఇప్పుడా’ అంటే, ఇప్పుడు కావాలా, తర్వాత చూద్దాం అని. వాయిదా."

ఆవిడ నా చెయ్యి మెల్లగా వదిలేసింది. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కాసేపటికి లాప్‌టాప్ మూత మూసి, "వెంకటప్పా, ఇంటికి," అంది. రౌండ్ వద్దంది.

ఆ వారమే పుస్తకం ఆపమని సియోల్‌కి రాసేసింది. నేను బతిమాలాను. నవలే కదా, ఎవరికి తెలుస్తుంది, కొరియాలో రాయచోటి వాళ్ళెంతమంది ఉంటారు అన్నాను.

"ఒకసారి తెలియని మనిషిని రాసి అమ్మకి ఇచ్చాను," అంది. "మళ్ళీ అదే పని చెయ్యలేను. నాకు వినాలనిపించింది విన్నాను, అంతే."

కారు షెడ్డులో ఉండిపోయింది. వెంకటప్ప రోజూ దాన్ని తుడిచిందే తుడిచి, ఒకరోజు నా గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, నేనేం తప్పు జేసినా? మేడం బయటికే రాదు. నన్ను సూస్తే తల దించుకుంటాది. ఆ మంగమ్మ పేరు పెట్టినందుకా? తీసేస్తా, పాస్‌పోర్ట్ మీద పేరే నేర్చుకుంటా."

చెప్పక తప్పలేదు. చెప్పాను. అతను మొదట నవ్వాడు. తర్వాత అర్థమై, చెవుల దాకా నల్లగా కందిపోయాడు.

"నేనా? శివకుమారినా? బాగుండావనా? రోజూనా?" అని నాలుగు ప్రశ్నలు వేసుకున్నాడు. "ఛీ ఛీ ఛీ. మేడం నన్నేమనుకున్యాదో!"

"మంచివాడనుకుంది. ఇన్నేళ్ళలో నిజంగా ఒక్కసారైనా అనలేదా?"

"యాల అనాలక్కా? ఆమెకి అద్దం ల్యాదా?"

అతను వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. గోడవారన కాసేపు నిలబడి, "నేనే పోయి సారీ చెప్తా. రాసుకునే మనిషిని పాడు చేస్తి," అన్నాడు.

నేనూ వెంట వెళ్ళాను. ఒన్ని తలుపు తీసింది. వెంకటప్ప తన ఇంగ్లీషంతా కూడగట్టుకుని, "మేడం, సారీ. ఐ నో టెల్ ప్రెట్టీ. ఐ టెల్ ఓన్లీ నౌ," అన్నాడు.

ఒన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో కాసేపు తెలియలేదు. నవ్వే. ఇద్దరినీ కూర్చోమంది. అతను కూర్చోలేదు. టీ నేనే పోశాను.

"వెంకటప్పా, ఒక్క ప్రశ్న," అంది. నేను మార్చి చెబుతున్నాను. "ఆవిడ మొహం చూపించమని రోజూ అడుగుతుంది కదా. ఎందుకు చూపించవు?"

అతను నా వైపు చూశాడు, ఇది కూడా చెప్పాలా అన్నట్టు. చెప్పమన్నాను. మెల్లగా టోపీ తీశాడు.

అతన్ని అన్నాళ్ళూ టోపీ లేకుండా మేమెవరం చూడలేదు. తల ముగ్గుబుట్ట. మీసం ఒక్కటే నల్లగా, ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది.

"ఊరికి పొయ్యేటప్పుడల్లా రంగేసుకోని పోతాంటినక్కా," అన్నాడు నాతో, ఆవిడకేసి చూడకుండా. "పోయిన తూరి రంగు పడక తలంతా బొబ్బలొచ్చె. డాక్టరు వొద్దన్యాడు. ఇంత ముసిలోన్ని అయిపోయినానని ఆమెకి తెలీదు. ఫోన్ల గొంతు ఒకటే గదా, గొంతు నెరవదు గదా. వరల్డ్ కప్ అయినాంక పోయేటప్పుడు సూద్దాంలే అని... ఎప్పుడడిగినా ఇప్పుడా, ఇప్పుడా అంటాండా."

నేను అదంతా ఇంగ్లీషులో చెప్పాను. నా జీవితంలో రెండో అనువాదం. చెబుతూ చెబుతూ మధ్యలో ముక్కు ఎగపీల్చుకున్నాను. ఒన్ని ఏమీ రాసుకోలేదు. టోపీ అతని చేతిలో ఎలా నలుగుతోందో చూస్తోంది.

అతను వెళ్ళాక ఫోన్ తీసి వాళ్ళమ్మకి చేసింది. నేను లేవబోతే కూర్చోమని సైగ చేసింది. కొరియాలో చాలాసేపు మాట్లాడింది. పెట్టేసి నా వైపు తిరిగింది.

"ఇన్నేళ్ళూ నాన్న ఏం చెప్పేవాడని అడిగాను. నవ్వి దాటేసేది. ఇవాళ వేరేగా అడిగాను. నాన్న ఏది చెప్పేవాడు కాదు, అని."

"ఏమన్నారు?"

"ఏమీ చెప్పేవాడు కాదట. మీట నొక్కి, బాగున్నానని చెప్పి, ఇంకేం చెప్పాలో తెలియక కూర్చునేవాడట. టేపు తిరుగుతూ ఉండేది. వెనకాల క్రేన్ల మోత, ఎవరో దగ్గడం, ఈయన ఊపిరి. టేపు దండగవుతుందని ఆపేవాడు కాదట. అమ్మ అది వినేది. నేను వింటే నాన్నకి మాట్లాడడం రాదని నవ్వుతానని దుప్పటి కప్పుకునేది."

నేను టీ పొయ్యడం మర్చిపోయాను. ఆవిడే పోసుకుంది.

మర్నాడు కారు కదిలింది. ఊళ్ళో కొత్తగా ఇంకో నాలుగు రోడ్లు మూశారు, ఆవిడకి కలిసొచ్చింది. నవల మధ్య భాగం అంతా తీసేసి మళ్ళీ రాసింది. తండ్రి ఇప్పుడు కాసెట్లోకి ప్రేమగా ఏమీ చెప్పడు. ఫోటో పంపమని భార్య అడిగితే మాత్రం, ఎండకి కమిలిన మొహం తడుముకుని, "ఇప్పుడా...?" అంటాడు. కొరియా మనిషి అలా ఎందుకంటాడని అడిగాను. ఆయన క్యాంపులో పక్క మంచం మీద ఒక తెలుగు మనిషి ఉన్నాడట, అతని దగ్గర పట్టుకున్న మాట అట. నవల కదా, పక్క మంచం వెయ్యడానికి ఎంతసేపు! ప్రచురణకర్త కింద అర్థం ఇమ్మన్నాడు. ఒన్ని ఇవ్వనంది. మా వాళ్ళు మా మాటనుకుని చదువుకుంటారు, తప్పేం లేదు, అంది.

వెంకటప్ప వీడియో సంగతి కూడా చెప్పాలి. మేడం ముందే టోపీ తీసి మొహం చూపించాక ఇంక దాచడానికేముందనుకున్నాడో ఏమో, ఒక శుక్రవారం మా గోడ నీడలో నిలబడి పెట్టాడు. నేను లోపల బట్టలు మడతపెడుతున్నాను. వినాలని కాదు, కిటికీ తెరిచి ఉంది. శివకుమారి చాలాసేపు మాట్లాడలేదు.

"ఏమే, ఉండావా?" అన్నాడతను.

"ఉండా. ఏమయ్యా, అచ్చం మా నాయన మాదిరి ఉండావే!"

"మీ నాయన మాదిరా?"

"ఊఁ. మా నాయన మంచోడులే. ఆ మీసానికి ఆ మసి ఎందుకు, అది గూడా కడిగెయ్."

ఆ తర్వాత వాళ్ళేం మాట్లాడుకున్నారో తెలియదు. కిటికీ నేనే మూశాను.

నవల పూర్తయింది. అచ్చుకి పంపేముందు ఒన్ని దాన్ని వాళ్ళమ్మకి ఫోన్‌లో చదివి వినిపించడం మొదలుపెట్టింది. కారులోనే. మొక్‌పోలో ముసలావిడ రాత్రి భోజనం చేసి గోడకానుకుని కూర్చునే వేళకి ఇక్కడ మధ్యాహ్నం. ముందు సీట్లో ఫోన్ నిలబెట్టి, ఒన్ని వెనక నుంచి గట్టిగా చదువుతుంది. వెంకటప్ప నడుపుతాడు. అతనికి ఒక్క ముక్క తెలియదు, తన మాట వచ్చినప్పుడు మాత్రం చెవులు నిక్కబొడుచుకునేవి. ముసలావిడ ఊఁ కొట్టేది కాదు. ఉందో, నిద్రపోయిందో తెలిసేది కాదు. చదివే కొద్దీ ఒన్ని గొంతు సన్నబడేది. ఒక్కొక్క రోజు కారు దిగి, "ఏమీ అనడం లేదు," అనేది నాతో. అంతే అనేది.

ఆ ఫోటో ఘట్టం చదివేరోజు నన్నూ రమ్మంది. కొత్తగా పడిన రోడ్డు మీద, ఇంకా తెరవని స్టేడియం పక్కనుంచి వెళుతున్నాం. ఒన్ని చదువుతోంది. తండ్రి క్రేన్ నీడలో కూర్చున్నాడు, తెల్ల హెల్మెట్ ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇప్పుడా...?" అన్నాడు. వెంకటప్ప మెడ ఎర్రబడింది.

ఫోన్‌లోంచి ముసలావిడ గట్టిగా ఏదో అంది. ఒన్ని చదవడం ఆపేసింది. ఆవిడ మళ్ళీ అంది, ఈసారి ఇంకా గట్టిగా, కోప్పడుతున్నట్టు.

"ఏమైంది? ఏమంటున్నారు?" అన్నాను భయపడి.

ఒన్ని నా వైపు తిరిగింది. మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ చెప్పింది. "హెల్మెట్ తెల్లది కాదంటోంది. తెల్లవి ఇంజనీర్లకిట. ఆయనది పసుపు. ఇంటికి తెచ్చుకుంటే అందులో మట్టి పోసి ఉల్లికాడలు పెంచిందట. నేను చూసేసరికి ఎండకి వెలిసిపోయి తెల్లబడిందట. అంతా బాగా రాసుకొచ్చి మీ నాన్న హెల్మెట్ రంగు తప్పు రాశావేమే, అంటోంది."

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. కారుతున్నా పట్టించుకోలేదు.

"వెంకటప్పా," అంది. "సైట్లో లేబర్ హెల్మెట్ ఏ రంగు?"

"ఎల్లో మేడం. మావన్నీ ఎల్లోనే."

ఒన్ని ఒళ్ళో ఉన్న పుటలో ‘తెల్ల’ అన్న మాట కొట్టేసి ‘పసుపు’ అని రాసింది. ఫోన్ వైపు వంగి కొరియాలో ఏదో చెప్పింది, మార్చాను అని కాబోలు. అవతల నుంచి ముసలావిడ విసుగ్గా ఒక్క మాటంది. దానికి నాకు అనువాదం అక్కర్లేకపోయింది. అన్ని భాషల్లోనూ అమ్మలు ఒకేలా అంటారు: ఊఁ, చదువు, ఆపావేం.

వెంకటప్ప అడక్కుండానే ఇంటి దారి వదిలి, ఇంకో డైవర్షన్‌లోకి కారు తిప్పాడు.